మీటరు పెట్టెలో కందిరీగలు: విద్యుత్ నియంత్రణ మండళ్లకు ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన
ఆంధ్రప్రదేశ్, తెలంగాణ విద్యుత్ నియంత్రణ మండళ్ల ఛైర్మన్లకు, సభ్యులకు,
రెండు రాష్ట్రాల ఇంధన శాఖ ఉన్నతాధికారులకు

నమస్కారం.

నేను జూనియర్ కాలేజీలో ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ని. పదకొండేళ్లుగా డిస్కంలు (ఇంటింటికీ కరెంటు పంపిణీ చేసే సంస్థలు) ఏటా తమకెంత ఖర్చవుతుందో, ఎంత వసూలు కావాలో చెబుతూ దాఖలు చేసే ఆదాయ అవసరాల నివేదికలు చదువుతున్నాను. అభ్యంతరాలు రాసి, జిరాక్సులు తీయించి, రిజిస్టర్డు పోస్టులో పంపుతున్నాను. కరెంటు ఛార్జీలు ఖరారు చేసే ముందు మీరు జరిపే విచారణ రోజున వెళ్లి నా వంతు ఐదు నిమిషాలు మాట్లాడి బస్సెక్కి వస్తున్నాను. నాది ఏ రాష్ట్రమో, ఏ డిస్కమో ఈ లేఖలో రాయడం లేదు. రాస్తే ఒక ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీరుకి), ఒక లైన్‌మన్‌కి మెమోలు వెళ్లి కథ అక్కడితో ముగుస్తుంది. నా పేచీ వాళ్లతో కాదు.

పేచీ ఎక్కడ మొదలైందో చెబుతాను.

వ్యవసాయ మోటార్లలో చాలావాటికి మీటర్లు లేవు. అవి ఎంత కరెంటు వాడాయో అంచనా కట్టాలి. అందుకోసం నమూనాగా కొన్ని ట్రాన్స్‌ఫార్మర్లకు మీటర్లు బిగించి, ఆ రీడింగుల నుంచి మొత్తం లెక్క తీస్తారు. భారతీయ గణాంక సంస్థ రూపొందించిన పద్ధతి అది. పద్ధతిలో తప్పేమీ లేదు, నేనైనా పిల్లలకు అదే చెప్పేవాణ్ని. అయితే ఒక ఏడాది నివేదిక అనుబంధంలో మా ఊరి చెరువు కింది ట్రాన్స్‌ఫార్మర్ నంబరు కనిపించింది. చూద్దామని వెళ్లాను. మీటరు పెట్టె తలుపు సగం ఊడి వేలాడుతోంది. లోపల కందిరీగలు గూడు పెట్టుకున్నాయి. మీటరు తెర మీద ఒక్క అంకె లేదు. పక్క పొలంలో కలుపు తీయిస్తున్న కౌలు రైతు, "అది రెండేళ్ల కిందట పిడుగు పడ్డప్పుడే పోయింది మాస్టారూ" అన్నాడు.

నివేదికలో మాత్రం ఆ ట్రాన్స్‌ఫార్మర్‌కు పన్నెండు నెలల రీడింగులూ ఉన్నాయి. ప్రతి నెలా అంతకు ముందు నెల కన్నా సుమారు నూటికి రెండు పెరుగుతూ పోయాయి. చెరువు నిండి మోటార్లన్నీ ఆపేసిన నెలల్లోనూ పెరిగాయి. లెక్కల మాస్టారికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఫొటోలతో అభ్యంతరం రాశాను. ఛార్జీలు ఖరారు చేస్తూ మండలి ఇచ్చిన ఉత్తర్వులో నా పేరు ఎదురుగా డిస్కం జవాబు వేశారు: "సూచన గమనించడమైనది." దాని కింద మండలి అభిప్రాయం: "డిస్కం జవాబు సంతృప్తికరంగా ఉన్నది." మరుసటి ఏడాది మళ్లీ రాశాను. మళ్లీ అదే జవాబు. మూడో ఏడాది కూడా అదే వాక్యం వచ్చింది, "గమనించడమైనది"లో అదే అచ్చుతప్పుతో సహా. ఈ లేఖ అందరి ముందూ పెట్టడానికి కారణం ఆ అచ్చుతప్పే. నా కాగితాన్ని ఎవరూ తోసిపుచ్చలేదు. అసలెవరూ చదవలేదు.

ఒక్క మీటరు గురించి ఇంత గొడవా అనుకోవచ్చు. డిస్కం కొన్న కరెంటులోంచి మీటర్ల మీద అమ్మిన కరెంటు తీసేస్తే మిగిలేవి రెండే, వ్యవసాయం, నష్టాలు. వ్యవసాయాన్ని పెంచి రాస్తే నష్టాలు ఆ మేరకు తగ్గి కనిపిస్తాయి. దొంగ కనెక్షన్లు, పాత తీగలు, ఓవర్‌లోడు ట్రాన్స్‌ఫార్మర్లు మింగిన యూనిట్లన్నీ రైతు ఖాతాలోకి పోతాయి. సబ్సిడీ ఎంత ఇవ్వాలన్నది ప్రభుత్వం ఆ అంకె చూసే తేల్చుకుంటుంది. ఇచ్చింది చాలకపోతే డిస్కం అప్పు చేస్తుంది. ఆ బరువు తిరిగి తిరిగి ఏదో ఒక రూపంలో ఇంటి బిల్లు మీదికే వస్తుంది. ఇటు "రైతులు దోచేస్తున్నారు" అన్న మాట ఊరంతా పాకుతుంది. కందిరీగల గూడు సంగతి ఎవరికీ తెలియదు.

మండళ్లు ఎందుకు పుట్టాయో ఒకసారి గుర్తు చేసుకుందాం. 1998 సంస్కరణల చట్టం కింద ఉమ్మడి రాష్ట్రంలో 1999లో మండలి ఏర్పడింది. 2000లో మొదటి టారిఫ్ ఉత్తర్వు, అంటే ఛార్జీల ఉత్తర్వు, వచ్చింది. ఆ పెంపు మీద రేగిన ఉద్యమం ఆగస్టు 28న బషీర్‌బాగ్ కాల్పుల దాకా వెళ్లింది. ముగ్గురు చనిపోయారు. ధర నిర్ణయం రాజకీయ నాయకుల చేతిలోంచి తీసి తటస్థుల చేతిలో పెడుతున్నామని అప్పట్లో మాకు చెప్పిన మాట. ఆ తటస్థులకు సొంత కళ్లూ కాళ్లూ ఉన్నాయా అన్నది పాతికేళ్ల తర్వాత నేనడుగుతున్న ప్రశ్న.

ఇక అంశాల వారీగా.

1. లెక్క సరిచూసే మనుషులు కావాలి

వేల కోట్ల లెక్కలు మీ ముందుకొస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఇంధన, విద్యుత్ కొనుగోలు సర్దుబాటు (ఖర్చు అంచనాకు మించితే ఆ తేడాను తర్వాత వసూలు చేయడం) కింద 2022-23కు 6 వేల కోట్ల పైన, 2023-24కు 9 వేల కోట్ల పైన వసూలుకు అనుమతి ఇచ్చారు. బిల్లులో అది ఒక చిన్న గీత. సంవత్సరం కిందట వాడిన కరెంటుకు ఇవాళ మళ్లీ డబ్బు కట్టడమేమిటో మా వీధిలో ఇస్త్రీ బండి నడిపే ఆమెకు నేను విడమరిచి చెప్పలేకపోయాను. ఆ ఇంట్లో అప్పుడు అద్దెకున్నవాళ్లు వేరు, ఇప్పుడు కడుతున్నది ఆమె.

అదే మండలి 2024-25 లెక్కలు తిరగేసి, డిస్కంలు ఎక్కువ వసూలు చేశాయని తేల్చి, సుమారు 923 కోట్లు వినియోగదారులకు తిరిగి సర్దాలని 2025లో ఆదేశించింది. యూనిట్‌కు 13 పైసలు. ఆ పనికి మనస్ఫూర్తిగా దండం పెడుతున్నాను. కూర్చుని చూస్తే డబ్బు దొరుకుతుందని మీరే రుజువు చేశారు. మరి ఏటా, అన్ని పద్దుల మీదా, ఆ చూపు ఎందుకు పడదు?

ఎందుకు పడదో విచారణ హాల్లో కూర్చున్న ఎవరికైనా తెలుసు. డిస్కం వైపు బల్లకు అకౌంట్స్ చీఫ్ జనరల్ మేనేజర్ నుంచి కిందిదాకా పాతిక మంది, లాప్‌టాప్‌లు, ఫైళ్లు. మీ వైపు నలుగురైదుగురు. వాళ్లలోనూ కొందరు విద్యుత్ సంస్థల నుంచే డిప్యుటేషన్‌పై వచ్చినవాళ్లు. ఒక ఏడాది మీ పక్కన కూర్చుని నన్ను ప్రశ్నలడిగిన అధికారి, తర్వాతి ఏడాది డిస్కం బల్ల దగ్గర కూర్చుని నాకు జవాబు చెప్పారు. ఆయన మంచివాడే, నన్ను చూసి నవ్వి కుర్చీ చూపించారు. కానీ రేపు తిరిగి వెళ్లాల్సిన ఇంటి గోడను ఇవాళ సుత్తితో కొట్టి చూడమంటే ఎవరు కొడతారు?

2003 విద్యుత్ చట్టం 91వ సెక్షన్ ప్రకారం మీకు ఎంతమంది సిబ్బంది ఉండాలన్నది రాష్ట్ర ప్రభుత్వ ఆమోదంతో తేలాలి. కాబట్టి ఈ అంశం ఇంధన శాఖకూ వర్తిస్తుంది. మేము అడిగేవి:

మంజూరైన పోస్టులెన్ని, ఖాళీలెన్ని, డిప్యుటేషన్‌పై ఎవరు ఏ సంస్థ నుంచి వచ్చారు అన్నది ప్రతి టారిఫ్ ఉత్తర్వు మొదటి పేజీల్లో అచ్చు వేయండి. ఆర్థిక విశ్లేషణ, ఇంజినీరింగ్, న్యాయ విభాగాలకు సొంత కేడర్ ఏర్పరచి పరీక్ష ద్వారా నియమించండి. డిప్యుటేషన్ తప్పనిసరైతే పొరుగు రాష్ట్రాల సంస్థల నుంచో, కాగ్ నుంచో తెచ్చుకోండి. కన్సల్టెంట్లను పెట్టుకుంటే, ఆ సంస్థ గత మూడేళ్లలో ఏ డిస్కంకు, ఏ ఉత్పత్తి కంపెనీకి పని చేసిందో ముందే ప్రకటించండి. అన్నిటికన్నా ముందు, క్షేత్ర తనిఖీకి ఒక చిన్న బృందం. జీపు, డ్రైవరు, ఇద్దరు ఇంజినీర్లు చాలు. చెప్పకుండా వెళ్లి నమూనా మీటర్లు తెరిచి చూడాలి. మీ ఖర్చుల కోసం డిస్కంలు కట్టే లైసెన్సు ఫీజు కూడా మా ఛార్జీల్లోనే కలుస్తుంది కాబట్టి, ఈ జీపుకు డీజిలు పోసేదీ మేమే.

2. కుర్చీలు ఖాళీగా ఉంచొద్దు

ఇది ప్రభుత్వాలకు. సభ్యుడి పదవీకాలం ముగిసే ఆరు నెలల ముందే ఎంపిక కమిటీకి నివేదించాలని, ఆ కమిటీ మూడు నెలల్లో తేల్చాలని అదే 2003 చట్టం 85వ సెక్షన్ చెబుతోంది. పదవీ విరమణ తేదీ నియామకం రోజే తెలిసిపోతుంది. అయినా తెలంగాణలో 2019లో నెలల తరబడి మండలిలో ఛైర్మనూ లేరు, సభ్యులూ లేరు. 2018-19 ఛార్జీలే ఏడాది తర్వాత ఏడాది కొనసాగి, 2022 ఏప్రిల్‌లో ఇళ్లకు యూనిట్‌కు 50 పైసలు ఒక్కసారిగా పెరిగాయి. పెంచనన్నాళ్లూ జనం సంతోషించారు, నేనూ సంతోషించాను. ఆ సంతోషం అప్పుగా మారుతున్నదని చెప్పాల్సిన కుర్చీలో మొదట్లో నెలల తరబడి ఎవరూ లేరు. 2023 డిసెంబరులో ప్రభుత్వం పెట్టిన శ్వేతపత్రం విద్యుత్ రంగం అప్పులు 81 వేల కోట్లు దాటాయని చెప్పింది.

సభ్యుల్లో న్యాయరంగం నుంచి కనీసం ఒకరుండాలని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. దానితోపాటు వినియోగదారుల తరఫున లెక్కలు చదవగలిగిన అర్థశాస్త్రవేత్తకూ ఒక చోటు ఇవ్వండి. రిటైరైన విద్యుత్ సంస్థ అధికారులు తప్ప రాష్ట్రంలో కరెంటు సంగతి తెలిసినవారే లేరా?

3. ఆస్తులు, సంబంధాలు వెల్లడించండి

ఈ మాట నొప్పిస్తుందని తెలుసు. ఇప్పుడు కుర్చీల్లో ఉన్న ఎవరినీ శంకించి రాయడం లేదు. కార్యాచరణను దెబ్బతీసే ఆర్థిక, ఇతర ప్రయోజనాలేవీ అభ్యర్థికి లేవని ఎంపిక కమిటీ తృప్తి చెందాకే పేరు సిఫారసు చేయాలని చట్టంలో ఉంది. అలాంటి ప్రయోజనం పదవిలో ఉండగా సంపాదిస్తే తొలగించవచ్చనీ ఉంది. పదవి దిగాక రెండేళ్లు వాణిజ్య ఉద్యోగం చేయరాదనీ ఉంది. కమిటీ ఏం చూసి తృప్తి చెందిందో మాత్రం మాకు తెలియదు. ఇంట్లోవాళ్ల పేరున విద్యుత్ కంపెనీల షేర్లున్నాయా, కొడుకో కోడలో సోలార్ కాంట్రాక్టుల్లో ఉన్నారా, ఏ సభ్యుడు ఏ కేసు నుంచి తప్పుకున్నారు, ఎందుకు తప్పుకున్నారు, ఇవేవీ బయటికి రావు.

వార్డు మెంబరుగా నిలబడాలంటే ఆస్తులు, కేసులు చెప్పుకోవాలి. 2025 మేలో సుప్రీంకోర్టు న్యాయమూర్తులు తమ ఆస్తుల వివరాలు కోర్టు వెబ్‌సైట్‌లో పెట్టారు. ఒక్క సంతకంతో పాతికేళ్ల విద్యుత్ కొనుగోలు ఒప్పందానికి ఆమోదం ఇచ్చేవారికి అంతకన్నా తక్కువ కొలత పెట్టడం సబబు కాదు.

దీనికి చట్టం మారేదాకా ఆగక్కర్లేదు. తన వ్యవహారాల్లో పారదర్శకత పాటించాలని 86వ సెక్షన్ మూడో ఉపవిభాగం మండలికి ఇప్పటికే చెబుతోంది. ఏటా ఏప్రిల్‌లో ఛైర్మన్, సభ్యులు, కార్యదర్శి, డైరెక్టర్ల స్థాయి అధికారులు తమవీ, జీవిత భాగస్వామివీ, తమపై ఆధారపడినవారివీ ఆస్తులు, షేర్లు ప్రకటించాలి. డిస్కం, ఉత్పత్తి కంపెనీల ప్రతినిధులతో విచారణ హాలు బయట జరిగే ప్రతి భేటీకి ఒక రిజిస్టరు ఉండాలి: తేదీ, వచ్చినవారు, విషయం. ఆ రిజిస్టరు నెలనెలా బయటపెట్టాలి. రెండేళ్ల నిషేధం ముగిశాక ఎవరు ఎక్కడ చేరారన్నది కూడా మరో మూడేళ్లు నమోదు కావాలి. దాచేదేమీ లేనివారికి ఇందులో పోయేది ఒక మధ్యాహ్నం.

4. సూర్యుడు, గాలి: ఆమోదించే రోజునే చూడండి

పునరుత్పాదక విద్యుత్‌ను ప్రోత్సహించడం చట్టం మీకు అప్పగించిన పని. దాన్ని ఎలా చేశామన్నదానికి ఒక పాఠం మన కళ్లెదుటే ఉంది. 2016-17కు ఆంధ్రప్రదేశ్‌లో గాలిమరల విద్యుత్‌కు మండలి ఖరారు చేసిన ధర యూనిట్‌కు 4.84 రూపాయలు. 2017 ఫిబ్రవరిలో దేశవ్యాప్త వేలంలో గాలి విద్యుత్ 3.46కు పలికింది. అదే ఏప్రిల్‌లో మన కడప సోలార్ పార్కు వేలం 3.15 దగ్గర ఆగింది. పాత ధరల ఒప్పందాలు ఖరీదైనవని 2019లో కొత్త ప్రభుత్వం తిరగదోడింది. హైకోర్టు మధ్యంతరంగా గాలికి 2.43, సౌరానికి 2.44 ఇమ్మంది. 2022 మార్చిలో డివిజన్ బెంచి ఒప్పందం ప్రకారమే పూర్తి ధర కట్టమని తీర్పిచ్చింది. మూడేళ్ల కొట్లాట చివర బకాయిల కుప్ప మిగిలింది. పెట్టుబడిదారు భయపడ్డాడు, వినియోగదారుడు నష్టపోయాడు. ధర ఖరారు చేసే రోజునే మార్కెట్ ఎటు పోతోందో చూసి, వేలానికి మళ్లించే విశ్లేషకులు మండలిలో ఉంటే ఈ గొడవ ఇంత దూరం వచ్చేది కాదు.

తెలంగాణలో ఇదే పాఠం బొగ్గు వైపు నుంచి వచ్చింది. ఛత్తీస్‌గఢ్ విద్యుత్ ఒప్పందం, భద్రాద్రి, యాదాద్రి ప్లాంట్ల నిర్ణయాలు సరైనవా కాదా అని 2024లో న్యాయ విచారణ సంఘం వేసి మరీ చూసుకోవాల్సి వచ్చింది. తప్పొప్పుల జోలికి నేను పోను. పదేళ్ల తర్వాత వేసిన ప్రశ్నలు మొదటి రోజే, బహిరంగ విచారణలో, మండలి ముందు పూర్తిగా నలగాల్సింది.

ఇప్పుడు మళ్లీ పెద్ద అంకెలు వినిపిస్తున్నాయి. ఆంధ్రప్రదేశ్ 2024 విధానం 160 గిగావాట్లకు పైగా అంటోంది. తెలంగాణ 2025 విధానం 2030 నాటికి అదనంగా 20 వేల మెగావాట్లు అంటోంది. మంచిదే. కానీ మా పక్కింటి పిండిమర చూడండి. నడిపే ఆమె పెద్దావిడ, భర్త పోయాక మర ఆమే చూసుకుంటోంది. బ్యాంకు అప్పు తీసి మర పైకప్పు మీద 5 కిలోవాట్ల సోలార్ పెట్టించింది. పలకలు బిగించడం రెండు రోజుల పని. వాడిన కరెంటునూ, తిరిగి లైన్లోకి పంపిన కరెంటునూ లెక్కించే నెట్ మీటరు రావడానికి నాలుగు నెలలు పట్టింది. ఒకసారి మీటర్లు స్టాకు లేవన్నారు, ఇంకోసారి ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యం చూడాలన్నారు. పది కిలోవాట్ల దాకా సాధ్యాసాధ్యాల అధ్యయనమే అక్కర్లేదని, బిగించాక 15 రోజుల్లో డిస్కం పని పూర్తి చేయాలని 2024లో సవరించిన కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. ఆ నాలుగు నెలలూ ఆమె అప్పు వాయిదా కట్టింది, పూర్తి కరెంటు బిల్లూ కట్టింది. పైన పలకల మీద గోధుమలు ఆరబోసుకుంటే సరిపోయేదేమో అని నవ్వింది.

ఈ విషయంలో మా కోరికలు వరసగా చెబుతాను. డిస్కంలు తమ కరెంటులో ఇంత శాతం సూర్యుడు, గాలి వంటి వాటి నుంచి కొనాలన్న పునరుత్పాదక కొనుగోలు బాధ్యతలో ఇళ్ల పైకప్పుల వంటి చిన్న ప్లాంట్ల వాటాను కేంద్రం విడిగా పెట్టింది. 2024-25లో 1.5 శాతం, 2029-30కి 4.5 శాతం. ఈ వాటా ఎంతవరకు వచ్చిందో మూడు నెలలకోసారి డివిజన్ల వారీగా ప్రకటించండి. నెట్ మీటరు ఆలస్యానికి రోజుకింత పరిహారం వినియోగదారుడు అడగకుండానే బిల్లులో జమ కావాలి, ఆ డబ్బు టారిఫ్‌లో తిరిగి కలపకూడదు. పగటి సౌర సమయంలో ఛార్జీ కనీసం 20 శాతం తక్కువ ఉండాలన్న 2023 నిబంధన చిన్న మరలకు, చేనేత మగ్గాలకు ఎలా అందుతుందో ప్రతి టారిఫ్ ఉత్తర్వులో చెప్పండి. వ్యవసాయ ఫీడర్లకు సబ్‌స్టేషన్ పక్కనే చిన్న సౌర ప్లాంట్లు పెడితే రైతుకు పగటిపూట కరెంటు వస్తుంది, రాత్రి టార్చిలైటుతో స్టార్టరు దగ్గరికి వెళ్లి పాము కాటుకు గురయ్యే బాధ తప్పుతుంది. కొత్త థర్మల్ ఒప్పందం మీ ముందుకొస్తే, అదే విద్యుత్‌ను సౌరం, నిల్వతో కలిపి తెస్తే ఎంతవుతుందో పోల్చి చూపనిదే స్వీకరించకండి. నిల్వ మనకు కొత్తేమీ కాదు. శ్రీశైలం ఎడమగట్టున నీళ్లు వెనక్కి ఎత్తిపోయగల 150 మెగావాట్ల యూనిట్లు ఆరు ఎప్పటినుంచో ఉన్నాయి. వాటిని ఆ విధంగా ఎన్ని గంటలు వాడుతున్నారో ముందు అడగండి.

5. మా తరఫున మాట్లాడేవారిని పెట్టండి

వినియోగదారుల తరఫున వాదించడానికి ఎవరినైనా నియమించే అధికారం 94వ సెక్షన్ మీకు ఇచ్చింది. వాడండి. నాలాంటి రిటైరైన మాస్టారు ఐదు నిమిషాల్లో ఐదు వందల పేజీలకు జవాబు చెప్పలేడు. నివేదికలు, ముఖ్యంగా సారాంశాలు, తెలుగులో ఇవ్వండి. ప్రతి అభ్యంతరానికీ కారణంతో కూడిన జవాబు రాయండి. "గమనించడమైనది" అన్న మాటను ఉత్తర్వుల్లోంచి తీసేయండి.

డిస్కంలు వచ్చే ఏడాది లెక్కలు నవంబరు 30 లోగా దాఖలు చేయాలి. ఆలోగా 1, 3 అంశాల మీద మీరేం చేయబోతున్నారో రాతపూర్వకంగా ప్రకటించాలని కోరుతున్నాం. ప్రకటించకపోతే ఈ ప్రశ్నలే సమాచార హక్కు దరఖాస్తులుగా వస్తాయి. మా మండలంలో నాతో కలిపి ఇరవై ముగ్గురం దరఖాస్తులు రాసి పెట్టుకున్నాం. ఆ తర్వాత కోర్టు ఉండనే ఉంది, కానీ మాస్టారి పింఛనుతో అంత దూరం వెళ్లాలని నాకేమీ సరదా లేదు.

చెరువు కింది ట్రాన్స్‌ఫార్మర్ నంబరు, మూడేళ్ల ఫొటోలు విడిగా పోస్టులో పంపుతున్నాను. ఎవరినైనా పంపితే నేనే దగ్గరుండి చూపిస్తాను. ఉదయం పూట రమ్మనండి, ఎండెక్కితే కందిరీగలు రేగుతాయి.

ఇట్లు,
ఒక వినియోగదారుడు